మధ్య గోడ

ఒకే గోడకి అటూ ఇటూ కాపురాలుండే పాత వరుసిళ్లలో మాదొకటి. అమ్ముదామంటే ఏడాదిగా వచ్చినవాళ్లంతా "ఆలోచించి చెప్తాం" అన్నారు. ఇంకా ఆలోచిస్తూనే ఉన్నారు. పెచ్చులూడిన చోటల్లా పటాలు తగిలించిన తెలివి నాది.

ఆ రోజు ఒక రిటైర్డ్ నర్సమ్మ వచ్చింది. "పక్కింటి మాటలు వినిపిస్తాయా?" అనడిగింది.

"అబ్బే, అటు డప్పు కొట్టినా ఇటు వినపడదండీ!" అన్నాను ధీమాగా.

గోడవతల నుంచి పక్కింటి పిన్నిగారు నాకు సాయమొచ్చింది: "నిజమేనమ్మా, ఒక్క ముక్క వినపడదు!"

నా మొహం మాడిపోయింది. ఈ బేరమూ పోయిందనుకుని వీధి తలుపు తీసి పట్టుకున్నాను.

ఆవిడ కదల్లేదు. గోడ మీద చెయ్యి వేసి నిలబడింది.

"పోయిన నెల మా ఫ్లాట్‌లో కాలుజారి పడ్డాను నాయనా. మూడు గంటలు అరిచినా ఎవరికీ వినపడలేదు. ఈ ఇల్లు నాకిచ్చెయ్యి."