వెనక గదుల జాలీలు

"ఫిల్టర్ శుభ్రంగానే ఉందమ్మా. వేడిగాలికి పోయే దారి లేక ఫర్నేస్ కాగిపోయి, దానంతటదే ఆగిపోతోంది," అంది, ఇంటిని వెచ్చబరిచే ఆ యంత్రాన్ని బాగుచేయడానికొచ్చిన మెకానిక్ మార్లిస్. "వెనక గదుల్లో గాలి జాలీలన్నీ ఎవరు మూశారు?"

"ఇంకెవరు? మా ఇంటి ఇంజనీరు గారు!" అంది డోరీన్. మొగుడు ఆర్విల్ గురక భరించలేక ఆమె వెనక గదికి మకాం మార్చి నెలయింది. "ఈ మినెసోటా జనవరిలో కోటు వేసుకుని పడుకుంటున్నాను."

"గ్యాస్ ఆదా అవుతుందనీ..." నసిగాడు ఆర్విల్.

"అబ్బో! గ్యారేజీలో నీ చేపల పడవకి మాత్రం రోజంతా హీటరు!"

ఆర్విల్ నేల చూపులు చూశాడు. "చలికి తట్టుకోలేక నా గదికి వచ్చేస్తావనుకున్నా."

మార్లిస్ పనిముట్లు సర్దుకోవడంలో మునిగిపోయింది.

డోరీన్ గొంతు తగ్గింది. "నలభై ఏళ్ల కాపురం, మహానుభావా! 'రా' అని ఒక్క మాట అంటే పోయేదానికి, ఫర్నేస్ ప్రాణం తీశావా?"