గోడ వెనక గుడ్డ

సోమవారం పొద్దున్నే బాత్‌రూమ్ తూము పూడుకుపోయింది. రెండు చెంబులు పోసుకునేసరికి నీళ్ళు చీలమండల దాకా నిలబడ్డాయి.

“సైటు బూట్లు ఇక్కడ కడగొద్దని ఎన్నిసార్లు చెప్పాలండీ మీకు?” అంది ఇల్లాలు, ఇనప చువ్వతో తూము పొడుస్తూ.

“నేను కడగలేదు.”

“అయితే మట్టి దానంతటదే నడిచొచ్చిందన్నమాట.”

“బూట్లు ఆఫీసులోనే ఉన్నాయి. కావాలంటే వచ్చి చూసుకో.”

“బూట్లు చూడ్డానికి నేను ఆఫీసుకు రావాలా? బాగుంది. పెళ్ళయి పదకొండేళ్ళయింది, ఒక్కసారైనా తప్పు నాదేనన్నారా మీరు?”

అత్తగారు పేపర్లోంచి తల ఎత్తలేదు. మొగుడూ పెళ్ళాల మధ్య దూరే అలవాటు ఆవిడకు లేదు.

ఇంజనీరుగారు కూడా గొంతు పెంచలేదు. ఆయన ధ్యాసంతా ఇంకో తూము మీద ఉంది.

ఐదేళ్ళ కిందట ఆయన కొండవాలున ఒక గోడ కట్టించారు. మట్టి జారకుండా ఆపే గోడ. దాని వెనక కంకర. కంకరకూ మట్టికీ మధ్య దుప్పటిలాంటి బూడిదరంగు గుడ్డ, జియోటెక్స్‌టైల్. నీళ్ళను వదిలి మట్టిని ఆపడం దాని పని. దాని సందులు మట్టితో మూసుకుపోతే వాననీళ్ళు వెనకే నిలిచి, ఏదో ఒకనాడు గోడను ముందుకు తోసేస్తాయి.

“ఈపాటికి మూసుకుపోయే ఉంటుంది. ఆ మట్టికి ఈ గుడ్డ పనికిరాదని నేనప్పుడే చెప్పాను” అన్నాడు చీఫ్ ఇంజనీరు నలుగురిలో. ఈయన కాదన్నారు. మాటా మాటా పెరిగింది. చివరికి గోడ వెనక తవ్వి, గుడ్డలోంచి మూరెడు ముక్క కోసి పరీక్షకు పంపాలని తేల్చారు. సరిగ్గా అప్పుడే రెండు రోజులు సెలవులొచ్చాయి. ముక్క ఈయనతో ఇంటికొచ్చి, ఆ సోమవారమే ల్యాబ్‌కి చేరింది. పరీక్షలో అది తప్పితే ఈయన కుర్చీ స్టోర్ రూముకు మారుతుంది.

గురువారం భోజనాల దగ్గర ఇంజనీరుగారు పీట మీద సరిగ్గా కూర్చోకుండానే మొదలుపెట్టారు.

“రిపోర్టు వచ్చింది. నీళ్ళు ఎలా దిగాయనుకున్నావు? కొత్త గుడ్డకీ దీనికీ తేడా లేదట. చీఫే అందరికీ చదివి వినిపించాడు.”

“పోన్లెండి, గండం గడిచింది” అంది ఇల్లాలు, ఇంకో గరిటె వడ్డిస్తూ.

“గడవడమే కాదు. కొండ కింద మనం తీసుకున్న ఇల్లుందే, ఆ వరస వెనక కొండకి కట్టే గోడకి కూడా ఇదే గుడ్డ వెయ్యమని సంతకం పెట్టేశాడు. వానలు మొదలయ్యేలోపు మారిపోదాం. అమ్మకి గోడవైపు గది. చల్లగా ఉంటుంది.”

అత్తగారు కలుపుతున్న చెయ్యి ఆపారు.

“మనం ఎవరమూ ఆ ఇంటికి వెళ్ళడం లేదు.”

కొడుకు తెల్లబోయాడు. ముందు గది ఇస్తానన్నాడు. కిటికీ పెద్దది పెట్టిస్తానన్నాడు. ఆవిడ తల అడ్డంగా ఊపుతూనే ఉన్నారు.

“ఏమైందత్తయ్యా? గది నచ్చలేదా?” అంది కోడలు మెల్లగా.

“గదికేం, బాగానే ఉంటుందమ్మాయ్, కానీ వాడు తెచ్చిన ఆ గుడ్డముక్కని ఆదివారం నేను సబ్బుపొడిలో నానబెట్టి, బ్రష్షుతో రుద్ది, నాలుగు నీళ్ళలో జాడిస్తే గాని అందులోంచి చుక్క నీళ్ళు దిగలేదు.”