మజ్జిగ తాగమన్న కమోడ్

ముందే ఒప్పేసుకుంటున్నాను. మలాన్ని పరీక్షించే కమోడ్ ఇప్పుడు మీ అందరి ఇళ్లలోనూ ఉంది కదా, అందులో ఒక రూలు రాసింది నేనే. నలభై ఏళ్ల లోపు వాళ్లకి రక్తం పడితే మొలలని చెప్పెయ్యాలి.

నాకు ఇరవై తొమ్మిది. ఎనిమిది నెలలు రోజూ ఆ కమోడ్, "మొలలేనమ్మా, మజ్జిగ తాగు" అంది. డాక్టర్ దగ్గరికి వెళ్తానంటే అమ్మ గ్లాసు చేతికిచ్చి, "దానికంటే నీకెక్కువ తెలుసా? తాగవే" అంది.

చివరికి ఆసుపత్రికి వెళ్తే నిన్న తేలింది. పెద్దపేగు క్యాన్సర్, మూడో స్టేజి.

రూలు తీసెయ్యమని మా టీమ్ లీడ్ ప్రద్యుమ్నకి ఫోన్ చేశాను.

"ఒక్క కేసుకే మార్చలేం హైమా. వయసులో ఉన్నవాళ్లని ఊరికే భయపెట్టడమెందుకు?"

"నేను కేసునా?"

"రూలు రాసింది నువ్వేగా!"

ఇవాళ పొద్దున కూడా అది నాకు మజ్జిగే చెప్పింది. నలభై లోపు వాళ్లూ, మీకేం చెప్పిందో, తర్వాత డాక్టరేం చెప్పారో కింద రాయండి. ఎన్ని కేసులైతే వాడికి చాలుతాయో చూస్తాను.