డేగ గోరు

"ఏమిటిది?" ప్లాస్టర్ పళ్ళ అచ్చును బల్లమీద టక్కున పెట్టి అడిగాడు ప్రొఫెసరు. దంతవైద్యం వైవాకి వేరే కాలేజీ నుంచి పరీక్షకుడిగా వచ్చిన మనిషి. పొద్దుట్నుంచి ఒక్కొక్కరినీ కళ్ళనీళ్ళతో బయటికి పంపుతున్నాడు. ఇప్పుడు ఈ అమ్మాయి వంతు.

"టేలన్ కస్ప్ సార్. పై ముందుపన్ను వెనకాల డేగ గోరులా పొడుచుకొచ్చే అదనపు మొన."

"పేరు చిలకైనా చెబుతుంది. ఎనిమిదేళ్ళ పిల్లకుంది. కింది పన్నుకి తగులుతోంది, నోరు సరిగ్గా మూయలేకపోతోంది. ఏం చేస్తావ్?"

"కొంచెం కొంచెంగా అరగదీస్తాను సార్. ప్రతిసారీ ఫ్లోరైడ్ పూసి, కొన్ని వారాలు ఆగి, మళ్ళీ..."

ప్రొఫెసరు పక్కనున్న లోకల్ ఎగ్జామినర్ వైపు తిరిగి ఇకిలించాడు. "విన్నారా? ఈవిడగారు అరగదీసేలోపు ఆ పిల్లకి మనవలు పుడతారు!"

లోకల్ ఎగ్జామినర్ నవ్వాలో మానాలో తేలక మంచినీళ్ళు తాగాడు.

"మొనలోకి నరం పాకి ఉండొచ్చు సార్. ఒక్కసారే కోస్తే అది బయటపడి, చివరికి పన్నే పోవచ్చు. మెల్లగా తీస్తే, లోపల్లోపల గోడ కట్టుకోవడానికి పంటికి వ్యవధి దొరుకుతుంది."

"డ్రిల్లు పట్టుకుంటే చెయ్యి వణికేవాళ్ళకి ఈ చదువెందుకమ్మా? ఇంట్లో కూర్చుని గోళ్ళు గిల్లుకోక!"

అమ్మాయి తల దించలేదు. దాంతో ఆయనకి ఒళ్ళు మండింది. మార్కుల కాగితం మీద కలం ఆనించాడు.

"ఆఖరిసారి అడుగుతున్నా. ఒక్క సిటింగులో తీసేస్తానను, పాసవుతావు."

"అనలేను సార్."

"నువ్వు అననైనా అనలేవు, నేను చేసి చూపించాను!" ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. "అచ్చం ఇలాంటి పన్నే, ఆ వయసు పిల్లే. టీ చల్లారేలోపు పని అయిపోయింది. అమ్మా నాన్నా దణ్ణాలు పెట్టి మరీ తీసుకెళ్ళారు. నొప్పనిగానీ, వాపనిగానీ ఆ పిల్ల మళ్ళీ నా దగ్గరికి రానేలేదు!"

అమ్మాయి అటు తిరిగి నోట్లో వేలు పెట్టింది. చిన్న గులాబీరంగు ప్లేటుకి అతికించిన పెట్టుడు ముందుపన్నును ఊడదీసి, రుమాలుతో తుడిచి, ఆయన ముందు పెట్టింది.

"ఇవాళ వచ్చింది సార్."