దలా పొలాల్లో కీచురాయి

"ఇలా ఇయ్యరా, నా డబ్బాలో పెడతాను. నీళ్ళు సిందితే పాడయిపోద్ది," అంటూ చిలకమ్మ స్టీలు తమలపాకుల డబ్బా మూత తీసి చాపింది.

నది అవతల ఉన్న దలా వెళ్ళే ఫెర్రీ అప్పుడే యాంగోన్ ఒడ్డు వదిలింది. సుశాంత్ నవ్వి, నిమ్మకాయంత ట్రాన్స్‌మిటర్‌ని గుప్పిట్లోనే ఉంచుకున్నాడు. ఇంట్లో అందరూ దాన్ని కీచురాయి అంటారు. అతను ఎగరేసే రాకెట్ ఎక్కడ పడినా సరే, పారాచూట్ తాడుకు కట్టిన అది సంకేతం పంపుతుంది; దాన్నందుకుని అతని భుజాన వేలాడే రిసీవర్ కీచుకీచుమంటుంది.

"స్టీలు డబ్బాలో పెట్టి మూతేస్తే దీని సంకేతం బయటికి రాదు మామ్మా. రిసీవర్ మూగబోతుంది."

"అలగా," అని చిలకమ్మ ఆకు చుట్టి బుగ్గన పెట్టుకుంది. అరగంటకొకటి పడకపోతే మామ్మకు ఊపిరాడదు.

జయంతి ముఖం నది వైపు తిప్పుకుంది. సుశాంత్‌తో పెళ్ళయి అయిదు వారాలు. లమ్మడాలో రెండు గదుల ఫ్లాటు, ఏడుగురు మనుషులు, గోడకు బదులు ఓ పూలపూల కర్టెన్. సినిమాకు వెళ్తే ఇద్దరి మధ్యా ఆడపడుచు తార. పగోడాకు వెళ్తే కుటుంబమంతా. ఇవాళైనా ఒంటరిగా దొరుకుతాడనుకుంటే, కొత్త కోడలు పెద్ద ఆడది తోడు లేకుండా నది దాటకూడదని అత్తగారు చిన్నమ్మి అడ్డుపడింది. తార చెప్పులు వేసుకునేలోపే చిలకమ్మ చాప చుట్టి చంకన పెట్టుకుని, నాను ఎల్తాను అంది. తార అయితే ఫోన్ చూసుకుంటూ కూర్చునేది. మామ్మకు ఒకే కన్నున్నా నాలుగు దిక్కులూ చూస్తుంది.

ఇవాళ సుశాంత్‌కు పరీక్ష. నాలుగడుగుల రాకెట్, ఆరు నెలల కష్టం. దాని నారింజరంగు పారాచూట్ జయంతి తన చేత్తో కుట్టింది. ఎగిరిన రాకెట్‌ను వెతికి తెచ్చి, చెక్కు చెదరలేదని రాకెట్ల క్లబ్బు పెద్ద ఊ తాన్‌కు నాలుగు గంటల్లోగా చూపిస్తేనే, ఇంతకంటే పెద్ద మోటారు వాడనిస్తారు. అనుమతి కాగితం అంతవరకే. వానలు మొదలైతే పొలాలు నీటి పాలు. మళ్ళీ ఏడాది ఆగాలి.

కోత కోసిన పొలాలకు అవతల, రోడ్డు పక్క డా మ్యా అనే ఆవిడ టీ కొట్టు దగ్గర మామ్మకు చాప పరిచారు. అంత దూరమైతే ప్రమాదం లేదన్నాడు సుశాంత్. మామ్మ వాళ్ళను ఓసారి చూసి, ఎండెక్కుతోంది పొండి అంది.

పన్నెండింటికి రాకెట్ బుస్సుమని లేచింది. ఊ తాన్ పక్కనే ఉన్నాడన్న సంగతి మరిచి జయంతి మొగుడి చెయ్యి పట్టేసుకుంది. ఆకాశంలో నారింజ పువ్వు విచ్చుకుంది. గాలి దాన్ని టీ కొట్టు వైపు తోసుకుపోయి గడ్డివాముల వెనక దించింది. రిసీవర్ కీచుమంటుంటే ఇద్దరూ నడిచారు. సగం దారిలో అది ఠక్కున ఆగిపోయింది.

చిలకమ్మ కొట్టు ముందు నిలబడి చెయ్యి చాచి చూపించింది.

"ఆ తాటిసెట్లు దాటి పోనాదిరా. కళ్ళారా సూసాను. బేగి ఎల్లండి."

"నువ్వొక్కదానివే ఉండగలవా?"

"నాకేటి భయం? ఈవిడ లేదా?"

డా మ్యా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తన దుమ్ముకొట్టిన కాళ్ళు చూసే నవ్వుతోందని జయంతి సిగ్గుపడింది.

మూడు గంటలు వెతికారు. గట్ల మీద, తాటితోపులో, ఎండిన కాలవలో. పెద్దవాళ్ళ ముందు ఎప్పుడూ పేరు పెట్టి పిలవనిది, జయంతి ఇక్కడ గొంతెత్తి "సుశాంత్!" అని పిలిచింది. బాగుందని మళ్ళీ పిలిచింది. ఆమె పాదంలో దిగిన ముల్లును అతను తీస్తూ, కావాలనే ఆలస్యం చేశాడు. గడ్డివామి నీడలో ఒకే కొబ్బరిబోండాం ఇద్దరూ తాగారు. రాకెట్ దొరక్కపోతే బాగుండునని ఆమెకు ఓ క్షణం అనిపించింది.

మూడింటికి అతను గట్టు మీద చతికిలబడ్డాడు. ఆ ముఖం చూడగానే జయంతి సరదా అంతా ఆవిరైపోయింది. దొరికితే నెల రోజులు కర్టెన్ గురించి సణగనని మనసులో మొక్కుకుంది.

కాళ్ళీడ్చుకుంటూ వెనక్కి వస్తే, టీ కొట్టు బల్లకు ఆనించి రాకెట్!

గేదెలవాడెవడో ఇప్పుడే తెచ్చి ఇచ్చి పోయాడని మామ్మ చెప్పింది. ఆ గేదెలవాడు పారాచూట్‌ను పట్టుచీరలా నాలుగు మడతలు కూడా పెట్టాడు. సుశాంత్ దాన్నెత్తుకుని పరుగెత్తాడు. ఊ తాన్ తిప్పి తిప్పి చూసి, తోక రెక్కలు తట్టి, ఇంకా పదకొండు నిమిషాలుండగా సంతకం పెట్టాడు. ఒక్క కీచురాయే లేదు. ముడి ఊడి పొలంలో పడిపోయి ఉంటుందన్నాడు సుశాంత్. ఆశ చావక రిసీవర్ మాత్రం ఆపలేదు.

జయంతి మామ్మ పక్కన కూర్చుంది. ఆవిడ పెదాలు ఎండి ఉన్నాయి.

"ఆకు వేసుకోలేదే మామ్మా? చుట్టి ఇవ్వనా?"

చిలకమ్మ డబ్బాను ఒళ్ళోకి లాక్కుంది. "వద్దు. పన్ను సలుపుతోంది."

తిరుగు ఫెర్రీలో జయంతి జడలోని గడ్డిపరకలను చిలకమ్మ ఒక్కొక్కటే ఏరి నీళ్ళలో పడేసింది. ఎలా వచ్చాయని అడగలేదు.

"ఒరే, వచ్చేసారి పెద్దది ఎగరేస్తావా? ఇంకా దూరం పోద్దా?"

"చాలా దూరం పోతుంది మామ్మా."

"అయితే నానే వస్తాను. తారకు ఎండ పడదు."

జయంతి నిట్టూర్చింది. యాంగోన్ ఒడ్డు దగ్గరపడింది. చిలకమ్మ ఇక తట్టుకోలేకపోయింది. ఇటు వీపు పెట్టి, కొంగు చాటున డబ్బా మూత బొటనవేలంత ఎత్తింది.

రిసీవర్ కీచుమంది.