చల్లబడ్డ బేరం

“ఇప్పుడు నొక్కు నాన్నా!” బానెట్ వెనక నుంచి అరిచాను. ఏసీ పనిచేస్తేనే మా కారు కొంటానన్నాడు పక్కవీధి ఆసామి. అందుకే పాత కంప్రెసర్ పీకి, కొత్తది బిగించి, గ్యాస్ ఎక్కించాను.

నాన్న స్విచ్ నొక్కాడు. కంప్రెసర్ ‘టక్’మని అందుకుంది. చల్లగాలి బుస్సున కొట్టింది.

“ఏదీ, నిజమేనా?” అంటూ నానమ్మ వెనక సీట్లోకి దూరింది. పొయ్యి కట్టేసి మరీ అమ్మ పరిగెత్తుకొచ్చింది. గ్రీజు చేతులతో నేనూ ఎక్కేశాను.

“తలుపెయ్యవే, గాలంతా పోతోంది!” నానమ్మ కసిరింది.

“కదలని కారులో ఎక్కడికే అమ్మా ప్రయాణం?” అన్నాడు నాన్న.

“మీ అబ్బాయి మొహం చూశారా అత్తయ్యా? పెళ్లినాడు కూడా ఇంత కళ లేదు!” అంది అమ్మ.

నానమ్మ పకపకా నవ్వింది. అది మా అందరికీ అంటుకుంది. ఆగి ఉన్న కారు ఊగిపోయింది.

ఎవరో అద్దం తట్టారు. పక్కవీధి ఆసామి, చెమటలు కక్కుతూ.

“ఏసీ బాగైనట్టుందే! తాళాలిస్తారా మరి?”

నాన్న వెనక్కి తిరిగి మా ముగ్గుర్నీ చూశాడు. అద్దం వేలెడంత దించాడు.

“అమ్మేశాం బాబూ.”

“అయ్యో! ఎవరికండీ?”

“మాకే!” అని గబగబా అద్దం ఎక్కించేశాడు.