షట్టర్ పడితే ఓడ పోయినట్టే

ముందుగా ఒక మనవి. నేను అక్షరాలు దిద్దింది మనవరాలి పక్కన కూచుని, తల నెరిశాక. ఒత్తులు, దీర్ఘాలు తప్పితే మన్నించండి. ఒక పేజీకి నాకు ఒక పూట పడుతుంది. చదవడానికి మీకు అంత పట్టదు.

*

"ఇది వద్దు. దీంట్ల అన్ని ఓడ బొమ్మలే. ఓడ దిగినంక ఎటు పోవాల్నో లేదు," అంటూ గుండేరావు లావు పుస్తకాన్ని బల్ల మీదికి తోశాడు.

పుస్తకాల దుకాణం దేవప్ప సన్న పుస్తకం అందించాడు. రేవు పట్టణాల్లో ఎవరి సాయం లేకుండా తిరిగేవాళ్ళ కోసం రాసిన తెలుగు పుస్తకాలు ఆయన హైదరాబాదు నుంచి తెప్పించగలిగింది ఆ రెండే.

పుస్తకం గుండేరావుకు కాదు, పక్కన నిలబడ్డ వదినె సుమిత్రాబాయికి. అన్న పోయాక ఇంటికి పెద్ద ఆమే. అయినా గడప దాటాలంటే వెంట ఎవరో ఉండాలి. గుడికైనా, పెళ్ళికైనా అంతే. ఆ ఇంటి ఆడవాళ్ళు ఒంటరిగా బజారు చూసింది లేదు. అలాంటి మనిషి ఇప్పుడు ముంబయిలో కూతురు లీలతో ఓడ ఎక్కి, గోవాలో, కొచ్చిలో దిగి, ఒక్కతే ఊరు చూసి మళ్ళీ ఓడ ఎక్కుతానంటోంది. లీలకు ఓడలో కూడా కంప్యూటరు పని తప్పదట.

గుండేరావు మొదట ససేమిరా అన్నాడు. ఓడవాళ్ళే బస్సులో తిప్పుతారు కదా, నలుగురితో కలిసి పొమ్మన్నాడు.

"ఆ బస్సులు నీ అసొంటోళ్ళ దుకాణం ముంగట ఆగుతయట మరిదీ," అంది ఆమె నెమ్మదిగా.

బీదర్ నడిబొడ్డున చౌబారా గోపురం దగ్గర గుండేరావుది నల్ల లోహంలో వెండి పొదిగిన బిద్రి సామాను దుకాణం. డ్రైవర్లకు చాయ్ తాగించి, గైడ్లను మంచి చేసుకుని, కోట చూడాల్సిన జనాన్ని పొద్దుగూకేదాకా తన పరుపుల మీద కూచోబెట్టేది ఆయనే. కొచ్చిలోనూ ఒక గుండేరావు ఉంటాడని ఆయనకు ఒకరు చెప్పాలా? వదినె వెళ్ళి వాడి చేతిలో పడడం కన్నా ఒంటరిగా తిరగడమే మేలనిపించింది. అయితే ఆమె రేవులో దారి తప్పితే ఓడ ఆగదు. ఆ భయం ఆయన్ను పట్టుకుంది.

"ఏ పుస్తకం నిజం చెప్తదో ఎట్ల తెలుసుడు?" అన్నాడు.

"మన ఊరు గురించి ఏం రాసిండ్రో చూడు. మన ఊరు సక్కగ రాసినోడు కొచ్చి గూడ సక్కగనే రాస్తడు," అంది సుమిత్రాబాయి.

రేవు కాకపోయినా, చూడదగ్గ ఊళ్ళ కింద రెండు పుస్తకాల్లోనూ చివర్న బీదర్ ఉంది. బస్సులో వచ్చి, బిద్రి వస్తువులు కొనుక్కుని, అదే బస్సులో వెళ్ళిపోవచ్చని లావు పుస్తకం చెప్పింది. ఆ వాక్యం గుండేరావుకు ఎంతో నచ్చింది. అందుకే ఆ పుస్తకం పనికిరాదని తేలిపోయింది. సన్న పుస్తకం చౌబారా నుంచి పాతకాలపు మదర్సా మీదుగా కోట దాకా చేయి పట్టుకుని నడిపించినట్టు రాసింది. ఎక్కడ నీడ ఉంటుందో, అష్టూరులో సుల్తానుల సమాధుల గుమ్మటాలు పొద్దున్నే ఎందుకు చూడాలో చెప్పింది. దాన్నే తీసుకున్నారు.

కానీ గుండేరావుకు ఇంకా నమ్మకం కుదరలేదు. పుస్తకం మంచిదైతే చాలదు, మనిషికి అలవాటు కావాలి అన్నాడు. సముద్రం ఎలాగూ లేదు కాబట్టి బీదర్‌నే రేవు చేశాడు. తన దుకాణం ఓడ. భోజనానికి షట్టర్ దించేలోగా సుమిత్రాబాయి పుస్తకం చూసుకుంటూ ఊరు తిరిగి రావాలి. షట్టర్ పడితే ఓడ పోయినట్టే. తెలిసినవాళ్ళను దారి అడగకూడదు. అంతటితో ఊరుకోక బజారంతా తిరిగి, తన వదినెను ఎవరూ గుర్తుపట్టవద్దని, పలకరించవద్దని చెప్పి వచ్చాడు.

మొదటి రోజు ఆమె మదర్సా గోడల మీద మిగిలిన రంగు పెంకులు చూస్తూ కూచుండిపోయింది. వచ్చేసరికి గుండేరావు షట్టర్‌కు తాళం వేస్తున్నాడు.

"ఓడ పాయె వదినె."

"పోనీ, రేపటిది ఎక్కుత."

"సముద్రంల రేపటిది ఉండది," అన్నాడాయన విసుగ్గా.

మర్నాడు కోటలో దారి తప్పింది. ఆ తర్వాత అష్టూరు వెళ్ళి, గుమ్మటం లోపలి రంగులు చూస్తూ బస్సు పోగొట్టుకుంది. ఇంకో రోజు నరసింహ ఝరణి గుహ గుడిలో నడుము లోతు నీళ్ళలో నడిచి, తడి చీర ఆరేదాకా గట్టు మీద పల్లీలు తింది. ప్రతి రోజూ ఓడ పోయింది. బజారులో పందేలు కూడా మొదలయ్యాయి. ఇంత మతిమరుపు మనిషిని రేవులో ఎలా దింపేదని గుండేరావుకు బెంగ పట్టుకుంది. రేవులో ఇద్దరుంటే ఒకరికొకరు తోడని ఆయన భార్య కాశీబాయి కూడా అక్క వెంట పోసాగింది. అప్పటి నుంచి ఇద్దరూ కలిసి ఓడ పోగొట్టుకున్నారు.

ఒక రోజు పెద్ద వాన. ఎటూ తిరగలేక తోడికోడళ్ళిద్దరూ షట్టర్ పడకముందే పరుగెత్తుకొచ్చారు. గుండేరావు ఆనందం పట్టలేక లేచి నిలబడ్డాడు. ఎదురు దుకాణాలవాళ్ళకు చాయ్ చెప్పాడు.

"పాసైనవ్ వదినె. లీలకు చెప్పాలె."

"నేను చెప్త తియ్యి," అంది సుమిత్రాబాయి కొంగు పిండుకోవడం ఆపి.

లీలతో మాట్లాడే పని ఎప్పుడూ ఆమెదే. కానీ ఈ వార్త తానే చెప్పాలని గుండేరావుకు ఉబలాటం. అప్పటికే ఆయన కలిపిన ఫోన్ అవతల మోగుతోంది. అందరూ వినాలని గొంతు పెద్దది చేశాడు.

"బిడ్డా, ఇగ మీ అమ్మను ఏ రేవుల దించినా ఫికర్ లేదు. నేనే తయారు చేసిన. ఓడ ఎన్నడు బయలెల్లేది?"



"ఏ ఓడ, కాకా?"

— రాచమ్మ, అరవై తొమ్మిదేళ్ళు. పుట్టింది దుబల్గుండిలో, ఇప్పుడు ఉంటున్నది బీదర్ నౌబాద్‌లో.